జబ్బు జాడ చెప్పే గుల్ల రేకు

రొయ్యల రైతుకు అన్నిటికన్నా కష్టమైన రోజు పట్టుబడి రోజు కాదు, సీడు దింపే ముందురోజు. చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్లు పెట్టి, నీటికి రంగు తెప్పించి ఎదురుచూస్తూ ఉంటాడు. హేచరీ నుంచి ‘‘ప్యాకింగు చేసేయమంటారా?’’ అని ఫోను వస్తుంది. లాబుకిచ్చిన సాంపిలు సంగతి ఇంకా తేలదు.

‘‘రిపోర్టు ఎప్పటికి వస్తుంది తమ్ముడూ?’’

‘‘సాయంత్రం అయిపోద్ది బాబాయ్. ఇప్పుడే మిషన్లో పెట్టాం.’’

‘‘వ్యాను మధ్యాహ్నమే బయల్దేరుద్దంటున్నాడు మరి.’’

‘‘మిషన్ తొందర పెడితే తిరగదు కదా బాబాయ్!’’

కోస్తాలో ఏ పరీక్ష లాబు గుమ్మం దగ్గర నిలబడినా ఇలాంటి మాటలు చెవిన పడతాయి. ఎకరమో, రెండెకరాలో చెరువు కౌలుకు పట్టినవాడు, వడ్డీకి తెచ్చిన డబ్బు చేతిలో ఉన్నవాడు సాయంత్రం దాకా ఆగలేడు. పిల్లను దింపేస్తాడు. మర్నాడు వచ్చే కాగితంలో ‘పాజిటివ్’ అని ఉంటే దాన్ని ఏం చేసుకోవాలి? తెల్లమచ్చ వైరసు తగిలిన చెరువు మూడు నుంచి పది రోజుల్లో ఖాళీ అయిపోవచ్చు. 1994-95లో ఈ జబ్బు మన కోస్తా చెరువుల మీద పడినప్పుడు నష్టపోయిన కుటుంబాలు దాన్ని ఇంకా మరచిపోలేదు.

పరీక్షకు అంతసేపు ఎందుకు పడుతుంది? దాన్ని గంటకు తగ్గించే దారి ఉందా? ఉంది. స్పెయిను దేశంలోని వలెన్సియాలో శాస్త్రజ్ఞులు ఒక పద్ధతి కనిపెట్టారు. కాకపోతే వారు చేసింది రొయ్యల కోసం కాదు, ఆసుపత్రి రోగుల కోసం. అయినా సూత్రం ఒక్కటే కనుక మన రైతులు కూడా తెలుసుకోవడం మంచిది. రేపు ఎవరైనా ‘మెరిసే కిట్టు’ పట్టుకుని చెరువుగట్టు మీదికి వస్తే ఏం అడగాలో తెలుస్తుంది.

అక్షరాలతో జబ్బును పట్టడం

ప్రతి జీవిలోనూ దాని జాతకం రాసిన పొడవాటి దారం ఒకటి ఉంటుంది. దాన్నే డీఎన్ఏ అంటారు. వరి మొక్కకైనా, గేదెకైనా, తెల్లమచ్చ వైరసుకైనా ఈ జాతకం నాలుగే అక్షరాలతో రాసి ఉంటుంది. ఎ, టి, జి, సి అని వాటి పేర్లు. తెల్లమచ్చ వైరసు జాతకంలో ఈ అక్షరాలు సుమారు 3 లక్షలు ఉంటాయి.

డీఎన్ఏ ఒంటిపేట దారం కాదు, రెండు పేటలు. ఒక పేటలో ఎ ఉన్నచోట ఎదుటి పేటలో టి ఉంటుంది. జి ఎదురుగా సి ఉంటుంది. ఈ జతలు తప్పవు. సంచికి వేసే జిప్పు లాంటిదనుకోండి, ఏ పన్నుకు ఆ పన్నే పడుతుంది. ఈ సంగతి 1953లో వాట్సన్, క్రిక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బయటపెట్టారు.

పరీక్షలన్నిటికీ మూలం ఇదే. వైరసు జాతకంలో దానికి మాత్రమే ఉండే ఓ ఇరవై అక్షరాల ముక్కను ఎంచుకుంటారు. దానికి సరిజోడు ముక్కను లాబులో తయారుచేస్తారు. ఆ జోడు ముక్క వెళ్లి సాంపిల్లో దేనికైనా అతుక్కుందంటే వైరసు ఉన్నట్టు. నాలుగు అక్షరాలతో ఇరవై అక్షరాల మాటలు ఎన్ని రాయొచ్చో తెలుసా? లక్ష కోట్ల పైచిలుకు! అందుచేత ముక్కను జాగ్రత్తగా ఎంచుకుంటే ఒక జీవిని మరో జీవిగా పొరబడటం చాలా అరుదు.

అయితే అతుక్కున్నట్టు మనకు ఎలా తెలుస్తుంది? చిక్కంతా ఇక్కడే. పిల్ల రొయ్యలో వైరసు మొదట్లో అతి కొద్దిగా ఉంటుంది. అంత కొద్దిని ఏ మిషనూ నేరుగా చూడలేదు. అందుకని ముందు దాన్ని పెంచుతారు. అదే పీసీఆర్. అమెరికాకు చెందిన కేరీ ములిస్ 1983లో ఈ ఉపాయం కనిపెట్టి 1993లో నోబెల్ బహుమతి అందుకున్నారు. సాంపిలును 95 డిగ్రీల దాకా వేడిచేస్తే రెండు పేటలు విడిపోతాయి. చల్లార్చితే మనం వేసిన ముక్కలు అతుక్కుంటాయి. వాటి ఆసరాతో కొత్త పేటలు అల్లుకుంటాయి. ఒకటి రెండవుతుంది. మళ్లీ వేడి, మళ్లీ చల్లార్పు, రెండు నాలుగవుతాయి. ఇలా 30 సార్లు తిప్పితే ఒక్క ముక్క 107 కోట్లవుతుంది. అప్పుడు కనిపిస్తుంది.

పిల్లల్ని నూరి డీఎన్ఏ తీయడం, మిషన్లో తిప్పడం, ఫలితం చూడటం, అన్నీ కలిపి కొన్ని గంటల పని. పైగా ఆ మిషను ఊళ్లో ఉండదు, పట్నంలో ఉంటుంది. సాంపిలు ప్రయాణం, అక్కడ వరస కలిపితే ఒక రోజు తిరిగిపోతుంది. లాబు కుర్రాడు ఆలస్యం చేస్తున్నాడని విసుక్కుంటాం కాని, పద్ధతే అలాంటిది.

పెంచకుండానే కనిపించేలా చేస్తే?

వలెన్సియా వారి ఆలోచన ఇక్కడ మొదలైంది. వైరసు ముక్కను పెంచే బదులు, అది వచ్చి తాకగానే మన దగ్గరున్న రంగు గాదె తూము తెరుచుకుంటే? తాకింది ఒక్క ముక్కే అయినా బయటికి దూకేది బోలెడంత రంగు. రంగును చూడటం తేలిక.

దీనికి ముందు గాదె కావాలి. కంటికి కనపడని సన్న రంధ్రాలు కోట్ల కొద్దీ ఉన్న గుల్ల పదార్థమే ఆ గాదె. ఇలాంటివి ముఖ్యంగా రెండు రకాలు.

ఒకటి సిలికా పొడి. ఇసుకలో ఉండే పదార్థమే. అమెరికాలోని మోబిల్ అనే నూనె కంపెనీ శాస్త్రజ్ఞులు 1992లో దీన్ని చేసే పద్ధతి ప్రకటించారు. సబ్బు లాంటి పదార్థాన్ని నీళ్లలో కలిపితే సన్న కడ్డీల్లా పేరుకుంటుంది. వాటి చుట్టూ సిలికాను గట్టిపడనిచ్చి, తర్వాత లోపలి సబ్బును కాల్చేస్తారు. కడ్డీలు పోయి రంధ్రాలు మిగులుతాయి. మైనం బొమ్మ చుట్టూ మట్టి మెత్తి, మైనం కరిగించి పంచలోహ విగ్రహం పోసినట్టే. ఇలా తయారైన పొడి ఒక్క గ్రాములో రంధ్రాల లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో పాతిక సెంట్లు! చిటికెడు పొడిలో పావెకరం దాగి ఉందన్నమాట.

రెండోది అల్యూమినియం రేకు. దీన్ని ఆమ్లంలో ముంచి కరెంటు పెడితే పైన ఒక పొర పెరుగుతుంది. ఆ పొర నిండా తేనెపట్టు లాగా నిలువు రంధ్రాలు ఉంటాయి. కొత్త ఇళ్లకు వేసే రంగు అల్యూమినియం కిటికీ చట్రాలు చూశారు కదా, చాలావాటికి రంగు పట్టించేది ఈ విధంగానే. రంధ్రాల్లోకి రంగు దిగుతుంది, అందుకే గీకినా పోదు. లాబుల్లో మాత్రం కరెంటు, ఆమ్లం హెచ్చుతగ్గులు చేసి రంధ్రం సైజును ఎంత కావాలంటే అంతకు తెచ్చుకుంటారు. వెంట్రుక మందంలో కొన్ని వేల వంతు ఉంటుంది. పొడితో పోలిస్తే రేకు చేత్తో పట్టుకోవడానికి వీలు. ముంచి తీయొచ్చు, కడగొచ్చు.

రంగు నింపి, డీఎన్ఏతో మూత

రంధ్రాల్లో రోడమిన్-బి లాంటి రంగు నింపుతారు. ఈ పేరు విన్నట్టుందా? పీచు మిఠాయిలో కలుపుతున్నారని 2024లో తమిళనాడులో గొడవైన రంగు ఇదే. తినడానికి పనికిరాదు కాని ఈ పనికి బాగా పనికొస్తుంది. ఎందుకంటే దీనిమీద ఆకుపచ్చ వెలుగు వేస్తే అది నారింజ ఎరుపు వెలుగు ఇస్తుంది. ఒక రంగు వెలుగు తీసుకుని ఇంకో రంగు వెలుగు ఇచ్చే ఈ గుణాన్ని ఫ్లోరోసెన్సు అంటారు, బడి పుస్తకాల్లో ప్రతిదీప్తి అని ఉంటుంది. బ్యాంకులో నోటును ఊదారంగు దీపం కింద పెడితే నంబరు మెరుస్తుంది చూడండి, అదే ఇది. ఇలా మెరిసే రంగు నీళ్లలో అతి స్వల్పంగా ఉన్నా మిషను పసిగడుతుంది.

రంగు నింపాక మూత వేయాలి. రంధ్రాల నోటి దగ్గర నీళ్లలో ప్లస్ గుణం చూపే పదార్థాన్ని పూస్తారు. డీఎన్ఏకు మైనస్ గుణం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. చిన్న డీఎన్ఏ ముక్కలు వచ్చి రంధ్రం నోటికి అడ్డంగా అతుక్కుపోతాయి. గాదె తూముకు గుడ్డ కుక్కినట్టు లోపలి రంగు లోపలే ఉండిపోతుంది.

కిటుకంతా ఆ గుడ్డలో ఉంది. అది ఏదో ఒక డీఎన్ఏ ముక్క కాదు. మనం వెతుకుతున్న క్రిమి జాతకంలోని ముక్కకు సరిజోడు. ఇప్పుడు సాంపిలు చుక్క వేశామనుకోండి. అందులో ఆ క్రిమి లేకపోతే గుడ్డ కదలదు. ఉంటే మాత్రం, దాని డీఎన్ఏ వచ్చి మూతతో జిప్పులా జతకడుతుంది. రేకు మీది పట్టుకన్నా ఈ జోడీ పట్టు గట్టిది. మూత లేచిపోతుంది, తూము తెరుచుకుంటుంది, రంగు బయటికి వస్తుంది. ఆకుపచ్చ వెలుగు వేసి చూస్తే నీళ్లు నారింజ రంగులో మెరుస్తాయి. వేరే జీవి డీఎన్ఏ ఎంత ఉన్నా అక్షరాలు కలవవు కనుక తూము తెరుచుకోదు.

వలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో రామోన్ మార్తినెజ్-మాన్యెజ్ బృందం 2010లో సిలికా పొడి మీద ఈ డీఎన్ఏ మూతను చేసి చూపింది. 2013లో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవిని ఇదే దారిలో పట్టారు. మన కోళ్లలో గురక జబ్బు తెచ్చేది కూడా ఈ మైకోప్లాస్మా జాతిలోనిదే. ఆ తర్వాత పొడి నుంచి అల్యూమినియం రేకు మీదికి మారారు. కాండిడా ఆరిస్ అనే బూజు 2009లో మొదట జపానులో ఒక రోగి చెవిలో బయటపడి, తర్వాత దేశదేశాల ఆసుపత్రుల్లో పాకింది. చాలా మందులకు లొంగదు. మామూలు పరీక్షల్లో వేరే బూజుగా పొరబడతారు. వలెన్సియాలోని లా ఫే ఆసుపత్రిలోనే 2016లో ఇది పెద్ద ఎత్తున వ్యాపించింది. ఇంటి ముందుకొచ్చిన కష్టం కాబట్టి దానికే రేకు తయారుచేసి రోగుల సాంపిళ్లతో పరీక్షించారు. 2021లో ఫలితాలు ప్రకటించారు. పీసీఆర్ లేకుండానే సుమారు గంటలో జవాబు వచ్చింది.

చెరువుగట్టు మీద పనిచేస్తుందా?

రేపే వచ్చేస్తుందని ఆశపడొద్దు. ఈ రేకు ఇంకా లాబులో ఉంది, చెరువుగట్టు దాకా రాలేదు. దారిలో అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది ఉప్పు. మూత నిలిచి ఉండేది ప్లస్, మైనస్ లాగుడు మీద. ఉప్పు ఎక్కువైతే ఆ లాగుడు బలహీనపడుతుంది, క్రిమి లేకపోయినా రంగు కారొచ్చు. మనవి ఉప్పునీటి చెరువులు. ఆసుపత్రి సాంపిలుకు కుదిరిన లెక్క నూరిన రొయ్యపిల్లకు కుదరదు, మళ్లీ మొదటినుంచి సరిచూడాలి. మన మేలో కాసే ఎండకు కూడా మూత ఆగాలి. తర్వాతిది మెరుపును కొలిచే మిషను. కారిన రంగు అతి కొద్ది కనుక కంటిచూపుతో ‘మెరిసింది, మెరవలేదు’ అని తేల్చడం కుదరదు. ఇంకో ముఖ్య సంగతి, రొయ్య జబ్బులన్నీ డీఎన్ఏ జబ్బులు కావు. తెల్లమచ్చ వైరసుదీ, పిల్ల ఎదగకుండా చేసే ఈహెచ్‌పీదీ డీఎన్ఏయే. పసుపుతల జబ్బు వైరసుది మాత్రం ఆర్ఎన్ఏ అనే వేరే దారం. ఒక రేకు అన్ని జబ్బులూ చెబుతుందని ఎవరన్నా అంటే నమ్మనక్కర్లేదు.

పంటల సంగతికొస్తే, అన్నిటికీ ఇలాంటి పరీక్ష అవసరం లేదు. మినుములో పల్లాకు తెగులు వైరసుది కూడా డీఎన్ఏయే. కాని అది కంటికే కనిపిస్తుంది, తెల్లదోమ మోస్తుంది. అక్కడ దోమను చూసుకోవాలి కాని రేకుతో పనేముంది? అరటిలో గుబురుతల వైరసు సంగతి వేరు. దానిదీ డీఎన్ఏయే, పైకి ఆరోగ్యంగా కనిపించే పిలకలో దాగి ఉండగలదు. పిలక నాటేముందే తెలిస్తే తోట దక్కుతుంది. రొయ్యపిల్లది కూడా ఇదే తంతు. కంటికి కనిపించని దశలో, డబ్బు ఖర్చుకాక ముందు తెలియాల్సిన చోటే ఇలాంటి పరీక్షకు విలువ.

ఎంత మంచి పరీక్షైనా సాంపిలును మించదు

ఇది మాత్రం ఈరోజే, ఇప్పుడున్న పీసీఆర్‌కే పనికొచ్చే మాట. గంటలో చెప్పే రేకు వచ్చినా మారదు.

హేచరీ ట్యాంకులో నూటికి రెండు పిల్లలకు వైరసు ఉందనుకుందాం. లక్ష పిల్లలు కొంటే 2,000 జబ్బు పిల్లలు మన చెరువులో దిగుతాయి, చెరువు పాడవడానికి అది చాలు. మరి ఆ ట్యాంకు నుంచి పది పిల్లల్ని తీసి లాబుకిచ్చారు. ఆ పదింటిలో ఒక్క జబ్బు పిల్ల కూడా పడకపోయే అవకాశం నూటికి 82 పాళ్లు! లాబు తప్పు చేయలేదు, మిషను తప్పు చేయలేదు, రిపోర్టు ‘నెగెటివ్’ అని వస్తుంది. అదే 150 పిల్లల్ని తీస్తే తప్పిపోయే అవకాశం నూటికి 5 పాళ్లకు దిగుతుంది. నూటికి ఐదు పిల్లలకు జబ్బు ఉన్న ట్యాంకైతే 60 పిల్లలు చాలు. పది పిల్లలకు, 150 పిల్లలకు లాబు తీసుకునే రుసుంలో పెద్ద తేడా ఉండదు, తేడా వచ్చేది చెరువులోనే.

ఆ 150 కూడా ట్యాంకులో ఒకే మూల నుంచి వల పెట్టి తీయకూడదు. నాలుగు వైపులా, పైనా అడుగునా తీయాలి. నీరసంగా ఉన్నవి, అడుగున పడి ఉన్నవి చూసి మరీ వేయాలి. హుషారుగా ఈదే పిల్లల్నే ఏరి ఇస్తే పరీక్ష చేయించిన పుణ్యం తప్ప ఫలితం లేదు. లాబు దూరమైతే 95 శాతం ఆల్కహాలు ఉన్న సీసాలో వేసి మూత బిగించాలి. పిల్ల కుళ్లితే డీఎన్ఏ కూడా చెడుతుంది.

‘తల్లి రొయ్యలకు పరీక్ష అయింది, పిల్లకు మళ్లీ ఎందుకు?’ అని కొందరంటారు. విదేశాల నుంచి వచ్చే వనామీ తల్లులను చెన్నై దగ్గర నీలాంకరైలోని క్వారంటైను కేంద్రంలో ఉంచి పరీక్షించిన మాట నిజమే. ఆ తర్వాత హేచరీలో నీటి ద్వారా, మేత ద్వారా జబ్బు రాదని రాసిచ్చేదెవరు? పిల్ల శుభ్రంగా ఉన్నా చెరువులోకి పీతలు దూరితే, పక్క చెరువు నీళ్లు కలిస్తే అంతే సంగతి. గట్టు చుట్టూ పీతల కంచె కట్టకుండా పరీక్షల మీద డబ్బు పెట్టడం దండగ.

కిట్టు అమ్మేవాడు వస్తే

పీసీఆర్ కాకుండా త్వరగా తేలే పద్ధతులు ఇప్పటికే కొన్ని ఉన్నాయి. 2000 సంవత్సరంలో జపాను వారు ప్రకటించిన లాంప్ పద్ధతిలో వేడి, చల్లార్పు తిప్పడం ఉండదు. 60-65 డిగ్రీల దగ్గర ఒకే వేడిలో ఉంచితే సుమారు గంటలో డీఎన్ఏ పెరిగిపోతుంది. తెల్లమచ్చ వైరసుకు కూడా దీన్ని మలిచారు. గుల్ల రేకు కన్నా ఇదే ముందు చెరువుల దగ్గరికి చేరే పద్ధతి అని మా అభిప్రాయం.

ఏ కిట్టైనా సరే, అమ్మేవాణ్ణి మొహమాటపడకుండా అడగండి. ఇది ఏ జబ్బుకు? జబ్బు ఉందని పీసీఆర్‌లో తేలిన సాంపిళ్లు ఎన్నిటిలో ఇది పట్టింది, ఎన్ని వదిలేసింది? జబ్బు లేని సాంపిళ్లలో ఎన్నిసార్లు ఊరికే మెరిసింది? ఉప్పునీటి రొయ్యతో పరీక్షించారా, లాబు నీళ్లతోనా? చెన్నైలోని సీబా ఎన్నో ఏళ్ల క్రితమే తెల్లమచ్చకు పీసీఆర్ కిట్టు తయారుచేసిన ప్రభుత్వ సంస్థ. అలాంటి చోట సరిచూసిన కాగితం ఉందా అని కూడా అడగాలి. జవాబు చెప్పలేకపోతే ఆ డబ్బుతో ఇంకో ట్యాంకు సాంపిలు పీసీఆర్ చేయించుకోవచ్చు.

రిపోర్టు చేతికి వచ్చాక అందులో ట్యాంకు నంబరు, సాంపిలు తీసిన తేదీ చూడండి. ప్యాకింగు చేసేది ఆ ట్యాంకు పిల్లేనా కాదా, మీరో మీ మనిషో హేచరీ దగ్గర నిలబడి చూసుకోవాలి. ఐదో నంబరు ట్యాంకు కాగితం చూపించి తొమ్మిదో నంబరు పిల్ల ఎక్కిస్తే ఏ మిషనూ పట్టుకోలేదు.